సాఫ్ చెయ్యాల్నా?

మొన్న పొద్దున ఫోను తెరవగానే కొత్త అప్‌డేట్ వచ్చింది, ఇప్పుడే వేసుకుంటారా, తరువాతా అని అడిగింది. ఎప్పటిలాగే తరువాత అన్నాను. ఆ ప్రశ్నకు నేను ఏనాడైనా సరే అన్నానా అని మా అమ్మాయి ఎగతాళి చేసింది. అనలేదు, అనను కూడా. అడుగుతున్న మాటకు అర్థమేమిటో పూర్తిగా తెలిసేదాకా ఎవరికీ తల ఊపకూడదన్నది నా పట్టుదల. అది మా బావ పుణ్యమా అని వచ్చింది. బావ అంటే మా అక్క భర్త.

ఆయనది చిలకలగూడ. రైల్వేలో సిగ్నళ్ల పని చేసి రిటైరయ్యాడు. రిటైరైన మగవాళ్లు మొక్కలు పెంచుతారు, లేకపోతే పొద్దున్నే పార్కులో నలుగురిని పోగేసి ప్రభుత్వాన్ని తిడతారు. మా బావ ఫోన్లు రూట్ చేయడం మొదలుపెట్టాడు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు అక్క ఏ బస్సు రూటో అనుకుంది. "ఇల్లు మనం కొన్నం గని చాబీ కంపెనోళ్ల కాడనే ఉంది. గా చాబీ గుంజుకునుడే రూటింగ్" అని ఆయన మాకు పాఠం చెప్పాడు. ఆ తాళంచెవి చేతికొచ్చాక కంపెనీవాళ్ల సాఫ్ట్‌వేర్ పీకేసి, ఎక్కడో ఎవరో ఉబలాటం కొద్దీ తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేవాడు. నెల తిరక్కుండా అంతకంటే మంచిది దొరికిందని దాన్నీ తీసేసేవాడు. ఆయన వస్తున్నాడంటే చుట్టాల ఇళ్లలో ఫోన్లన్నీ బీరువాల్లోకి వెళ్లిపోయేవి. ఒకసారి ఆయన సొంత ఫోనే ఎందుకూ పనికిరాకుండా చచ్చి ఊరుకుంది. అలాంటిదాన్ని ఆ విద్యలో ఇటుక అంటారట. మా అక్క ఆ ఇటుకను పిల్లి రాకుండా పాలగిన్నె మూత మీద బరువుగా పెట్టింది.

అందరూ ఫోన్లు దాచుకునేసరికి ఆయనకు మిగిలింది అక్క ఫోనే. మన ముచ్చట్లు కంపెనోళ్లకెందుకని దాంట్లో ఉన్న ఖాతాలన్నీ తీసేశాడు. దాంతో అక్క ఫోనులో ఉన్నది అక్క ఫోనులోనే ఉండేది, ఇంకెక్కడా దాని నకలు ఉండేది కాదు. అక్కకు ఇవేవీ పట్టేవి కావు. ఆమె ప్రాణమంతా పాటలోనే ఉండేది. పెళ్లికి ముందు నుంచీ చర్చి క్వయర్‌లో పాడేది. క్రిస్మస్ ముందు నెలంతా ఆ ఇంట్లో కూరలు మాడిపోయేవి, పాటలు మాత్రం ఒక్క స్వరం తప్పేవి కావు.

ఆ గొంతులోనే ఏదో కాయలాంటిది లేచింది. ప్రాణానికి భయం లేదుగానీ ఆపరేషన్ చేయాల్సిందే, ఆ తరువాత గొంతు ఇలాగే ఉంటుందని మాట ఇవ్వలేను అన్నాడు డాక్టర్. అప్పటికి యాప్రాల్‌లో ఉన్న అక్క కూతురికి నెలలు నిండుతున్నాయి. అక్క ఏడవలేదు. వంటింటి తలుపు వేసుకోవడం మాత్రం ఎక్కువైంది. నొప్పికి ఒంటరిగా ఉంటోందనుకుని మేమెవరం కదిలించలేదు. ఆపరేషన్ బాగానే జరిగింది. కొన్నాళ్లపాటు ఒక్క మాట కూడా మాట్లాడకూడదని, గుసగుసలు సుతరామూ పనికిరావని డాక్టర్ గట్టిగా చెప్పి వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం కార్ఖానా అనే పేటలో ఉన్న ఆసుపత్రిలో అక్క పక్కన నేనున్నాను. బావ వచ్చి కాసేపు కూర్చుని, ఊరికే ఉండలేక ఆమె ఫోను తీశాడు. అది నత్తలా కదులుతోంది. పైగా అద్దం నిండా నొప్పికి రాసుకునే మందు జిడ్డు. "గిట్ల నడుస్తే ఎట్ల? ఇంటికి తీస్కపోయి మంచిగ చేసుకొస్త. మొత్తం సాఫ్ చెయ్యాల్నా?" అని అడిగాడు. అక్క ఆ జిడ్డు వైపు చూసి, సంతోషంగా తల ఊపింది. మా ఇళ్లలో సాఫ్ చేయడమంటే తడిగుడ్డతో తుడవడమే. నేనూ అలాగే అనుకున్నాను.

ఆయన వెళ్లిన కొంతసేపటికి అక్క నన్ను తట్టి, దగ్గర కాగితమూ పెన్నూ లేక సైగలు మొదలుపెట్టింది. గుప్పిట నోటి దగ్గర పెట్టుకుంది. గొంతు చూపించింది. రెండు చేతులూ ఊయలలా ఊపింది. నీళ్లా అన్నాను, నర్సునా అన్నాను, కూతురా అన్నాను. కూతురు అన్నప్పుడు ఔనని, మళ్లీ గుప్పిట నోటి దగ్గర పెట్టి పెదవులు కదిపింది. అప్పటికి నా బుర్రకు ఎక్కింది. తలుపు వేసుకుని అన్నాళ్లూ ఆమె పుట్టబోయే మనవరాలికో మనవడికో జోలపాటలు పాడి ఫోనులో దాచింది. జోలపాటలే కాదు, క్వయర్ పాటలు కూడా ఉన్నాయని తరువాత తెలిసింది. వాటిని యాప్రాల్ పంపించమని నన్ను అడుగుతోంది. ఫోను బావ తీసుకెళ్లాడు కదా అనబోతూ ఆగిపోయాను. బావ విద్యలో సాఫ్ అనే మాటకు వేరే అర్థముంది. కొత్త సిస్టమ్ ఎక్కించే ముందు ఫోను కడుపులో ఉన్నదంతా చెరిపేయడాన్ని ఆయన అలాగే అంటాడు. సంగతి చెప్పగానే అక్క లేచి కూర్చుంది. కాదు కాదు, ఇలా తుడవడం అన్నట్టు దుప్పటి మీద అరచేయి గబగబా రుద్దింది. నోరు తెరవబోయింది. నేను భయపడి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టేశాను.

బావకు ఫోను చేస్తే మోగుతోందిగానీ ఎత్తడం లేదు. ఆ పనిలో ఉన్నప్పుడు ధ్యాస చెదిరి తీగ ఊడుతుందని తన ఫోను అవతలి గదిలో పెడతాడు. అక్కను నర్సుకు అప్పజెప్పి ఆటో ఎక్కాను. స్టేషన్ దాకా బాగానే వచ్చింది. అక్కడ బస్సులు ఒకదానికొకటి అడ్డం తిరిగి, ఏ బండీ కదలడం లేదు. మళ్లీ చేశాను, మళ్లీ మోగింది. డ్రైవర్ వెనక్కి తిరిగి, "పరేషాన్ గాకమ్మా, దారి ఇడుస్తరు" అన్నాడు. ఇడవలేదు. దిగి నడిచాను. ఆ వయసులో, ఆ మోకాళ్లతో, ఆ ఎండలో పరుగులాంటి నడక నడుస్తూ బావను మనసులో తిట్టని తిట్టు లేదు.

తలుపు తీసే ఉంది. బావ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. కంప్యూటర్‌కు తగిలించిన ఫోనులో కొత్త బొమ్మేదో గుండ్రంగా తిరిగి తిరిగి ఆగి, ఏ భాష కావాలో ఎంచుకోమంది. నన్ను చూసి ముఖమంతా వెలిగిపోయి, ఎంత చురుగ్గా ఉందో చూడమన్నాడు. ఫోటోలు, నంబర్లు ముందే కంప్యూటర్‌లోకి దించి పెట్టానని, ఒక్కటి కూడా పోలేదని గర్వంగా చెప్పాడు. పాటల సంగతి ఆయనకు తెలియదు. ఎవరికీ తెలియదు. దారి పొడుగునా కూడబెట్టుకున్న తిట్లన్నీ ఎటు పోయాయో, మెల్లగా చెప్పాను. ఆయన ఫోనుకున్న తీగ ఊడదీసి పక్కన పెట్టాడు. "నేను అడిగిన గదా," అన్నాడు. "అడిగినంకనే చేసిన." ఆ మాట చిన్నపిల్లవాడు అన్నట్టు అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

అవి మళ్లీ తేవడానికి ఆయన చేయని ప్రయత్నం లేదు. రాలేదు. అక్కకు తనే వెళ్లి చెప్పాడు. ఆమె కళ్లు మూసుకుని గోడవైపు తిరిగింది. మాట్లాడవచ్చని డాక్టర్ చెప్పే రోజు కోసం మేమందరం భయపడుతూ ఎదురుచూశాం, మొదటి మాట ఎవరి మీద ఎలా పడుతుందోనని. ఆ రోజు రానే వచ్చింది. అక్క గొంతు సవరించుకుంది. ఎన్నడూ వినని బొంగురు గొంతుతో ఆయన వైపు చూసి, "ఫోనన్న జెర స్పీడయ్యిందా?" అంది.

బావ అయ్యిందని తల ఊపి, వరండాలోకి వెళ్లిపోయాడు. కిటికీలోంచి ఆయన వీపు కదలడం మాకు కనిపిస్తూనే ఉంది. ఆ తరువాత ఆ విద్య మానేశాడనుకోవద్దు. ఎవరి ఫోనైనా ముట్టుకునే ముందు మాత్రం వాళ్లను కూర్చోబెట్టి పోలీసు విచారణలా అడుగుతాడు. మనవరాలు పుట్టింది. అక్క ఆ బొంగురు గొంతుతోనే జోల పాడింది, పాప ఆ గొంతుకే అలవాటుపడి, తల్లి పాడితే పడుకోనని మొండికేసింది. మొదట్లో ఆ పాట వింటుంటే పోయిన గొంతు గుర్తొచ్చి నేను లేచి అవతలికి వెళ్లేదాన్ని. ఇప్పుడు వెళ్లను. అక్క పాత గొంతు ఎలా ఉండేదో కళ్లు మూసుకుని ఎంత వెతికినా ఈ బొంగురు గొంతే వినిపిస్తోంది, ఎప్పటినుంచి ఇలా అయ్యిందో నాకు తెలియనే తెలియలేదు.