పిన్ని గుమ్మం ముందు గరగ

ఈ ఏడు మా ఊరి అమ్మవారి తీర్థం ఏర్పాట్లన్నీ అమలాపురంలోని ఈవెంట్ కంపెనీవాళ్ళకి అప్పగించారు. మొన్న ఆ పిల్లలు వచ్చి, గరగలు తిరిగే దారి మ్యాపులో చూపించి, మీరు ఈ పని ఎక్కడ నేర్చుకున్నారండీ అని మర్యాదకి అడిగారు. మా పెద్దనాన్నగారి దగ్గర అన్నాను.

డిగ్రీ అయి ఖాళీగా ఉన్న వేసవిలో, తీర్థం జరిపించే మా పెద్దనాన్నగారు, తిని తిరగడం కాదు పని నేర్చుకోమని నన్ను వెంటేసుకున్నారు. తాటాకు పందిళ్ళు వేయించడం, మజ్జిగ కుండలు నీడపట్టున పెట్టించడం, డప్పులవాళ్ళకి వేళకి భోజనం చూడడం, అలిగినవాళ్ళని రెండోసారి వెళ్ళి పిలవడం, ఇవన్నీ ఆయన వెనక నడిచే నేర్చుకున్నాను. చివరికి గరగల దారి నిర్ణయించే పని నాకే వదిలేశారు. అమ్మవారి ప్రతిరూపంగా అలంకరించిన గరగ కుండను నెత్తిన పెట్టుకుని ఆడుతూ వచ్చి ప్రతి గుమ్మం ముందూ ఆగుతారు, ఇల్లాలు పసుపునీళ్ళతో వాళ్ళ కాళ్ళు కడుగుతుంది. ఏటిసూతకం ఉన్న ఇంటిని, అంటే ఏడాదిలోపు మనిషి పోయిన ఇంటిని మాత్రం డప్పు ఆపి దాటిపోతారు.

చిక్కంతా అక్కడే వచ్చింది. మా బాబాయి మస్కట్‌లో ఉండేవాడు. అక్కడ ప్రమాదంలో పోయాడట అని, సెలవుకి వచ్చిన పక్కూరివాళ్ళెవరో అన్నారు. ఉత్తరం లేదు, టెలిగ్రాం లేదు. పిన్ని నమ్మలేదు, బొట్టు తీయలేదు. గరగ ఆమె గుమ్మం ముందు ఆగకపోతే, నీ మొగుడు లేడని ఊరంతా కలిసి చెప్పినట్టే.

పెద్దనాన్నగారిని అడిగాను. సొంత తమ్ముడాయె, కండువా సర్దుకున్నారు.

"రాని కబురుకి సూతకం పడతామా? గరగని ఆ గుమ్మం ముందు ఆపించు."

ఊరికి కీడు కదండీ అని పక్కనున్నాయన నసిగితే, "ఆయ్, ఆ కీడేదో మా ఇంటికే రానివ్వండి" అన్నారు. ఆయనకి లోపల తెలుసని నాకు అప్పుడే అర్థమైంది.

గరగ ఆగింది. పిన్ని పట్టుచీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని, బిందెతో నిలబడి ఉంది. ఆమె గరగ ఎత్తుకున్నవాళ్ళ కాళ్ళు కడుగుతున్నంతసేపూ పెద్దనాన్నగారు డప్పులవాళ్ళ వైపు తిరిగి నిలబడ్డారు.

తొలకరి పడ్డాక కబురు వచ్చింది. బాబాయి తీర్థానికి ముందే పోయాడు. ఊళ్ళో ఒక్కరూ పెద్దనాన్నగారిని తప్పుపట్టలేదు. చాలా ఏళ్ళ తరవాత పిన్ని ఒక్కసారే ఆ మాటెత్తి, "బావగారు నాకు ఆ పండగ మిగిల్చేరు నాన్నా" అంది.

ఇప్పుడు ఏ దేశంలో ఏం జరిగినా మరుక్షణం ఇంటికి తెలిసిపోతోంది. మంచిదే, కాదనను. ఊరంతా కలిసి ఒక ఆడమనిషికి కొన్నాళ్ళు గడువిచ్చే వీలు మాత్రం లేకుండా పోయింది.