తోడల్లుడి పిండి సంచి

వీధిలో అందరూ కాటా మేస్త్రి అని పిలిచే ఆ పెద్దమనిషి చెడిపోయిన త్రాసుల్ని బాగుచేసి బతుకుతాడు. చుట్టుపక్కల ఏ అంగడిలో ముల్లు నిటారుగా నిలబడినా అది తన చేతి చలవేనని, ఆ చేతికి వంక పెట్టే నాలుక ఇంకా పుట్టలేదని ఆయన గట్టి నమ్మకం. అంగళ్లలో ముల్లును ఎటూ వాలనివ్వని ఆయన మనసులో ముల్లు మాత్రం ఎప్పుడూ తోడల్లుడి మీదికే వాలి ఉండేది.

తోడల్లుడంటే ఆయన భార్య చెల్లెలి మొగుడు. గోడలకు రంగులేసేవాడు. నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని పని మానేశాడు. సర్కారువారు విచారించి ఉచిత సరుకుల కార్డు ఇచ్చారు. నెలనెలా ఒక సంచి పిండి వస్తుంది.

"చూశావా, కాలు విరగ్గొట్టుకోవడంలో కూడా వాడికెంత కలిసొచ్చిందో!" అన్నాడు మేస్త్రి భార్యతో.

"మీరూ ఎక్కండి నిచ్చెన. నేను పట్టుకోనులెండి," అంది ఆవిడ.

కార్డు కోసం మేస్త్రి కూడా ప్రయత్నించకపోలేదు. బోర్డున్న దుకాణం గలవారికి ఇవ్వడం కుదరదని ఆఫీసులో తేల్చేశారు. ఆ బోర్డు రాసిపెట్టింది తోడల్లుడే, అదీ పైసా పుచ్చుకోకుండా. మేస్త్రికి ఇప్పుడర్థమైంది, వాడిది ఎంత ముందుచూపో!

ఆనాటి నుంచి మేస్త్రికి దేశం మీద బెంగ పట్టుకుంది. దుకాణంలో కూర్చుని వచ్చేపోయేవాళ్లకు ప్రజాధనం గురించి ఉపన్యాసాలు మొదలుపెట్టాడు.

"ఊరికే తిండి పెడితే ఎవడు పనిచేస్తాడయ్యా? ఖజానా ఏమన్నా వాళ్ల అత్తగారి సొమ్మా?"

"నిజమే మేస్త్రీ," అనేవాడు టీ కొట్టతను. సరుకులు ఇచ్చే చౌక డిపోకి వెళ్లేవాళ్లే తన టీ తాగుతారు గనక, వాళ్లు రాగానే "పాపం, పెట్టకపోతే ఎట్లా?" అనేవాడు. అతని త్రాసు అలాంటిది.

కిందటి నెల చౌక డిపో కాటా కూడా మేస్త్రి దగ్గరికే మరమ్మతుకొచ్చింది. ఆయన దాన్ని విప్పి బిగించి నూనె వేస్తున్నంతసేపూ దేశం ఎలా సోమరిపోతులపాలైపోతోందో డిపో అతనికి వివరించాడు. వివరణ ముగిసేసరికి పని కూడా ముగిసింది.

ఈ నెల మరదలు కబురంపింది: "బావా, ఆయన మొయ్యలేరు, సంచి కాస్త ఇంటికి చేర్చవూ?" భార్య కళ్లురిమింది. మేస్త్రి డిపోకి వెళ్లి సంచి భుజానికెత్తుకున్నాడు. ఎత్తుకోగానే ఆయన ముఖం వికసించింది. బరువు ఎక్కువ! భుజం అబద్ధమాడదు. తిన్నగా తన దుకాణానికి మోసుకెళ్లి తన కాటా మీద పెట్టాడు. కార్డులో రాసిన తూకం కన్నా నిజంగానే ఎక్కువ.

"దోపిడీ! పట్టపగలు దోపిడీ!" అని బజారంతా వినేలా అరిచాడు. "డిపోవాడూ మా తోడల్లుడూ కుమ్మక్కయ్యారు! పైఅధికారి దగ్గరికి పోతాను!"

జనం మూగారు. తోడల్లుడు కర్ర ఊతంతో కుంటుకుంటూ వచ్చి, "అన్నయ్యా, ఎక్కువుంటే తీసెయ్. నాకేం తెలుసు?" అన్నాడు. డిపో అతను మాత్రం పరుగున వచ్చి మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు. "నా ఉద్యోగం తీసేస్తావా మేస్త్రీ? నేను తూచింది నీ చేతి కాటాతోనే! రా, నువ్వే చూడు!"

మేస్త్రి విజయయాత్రగా డిపోలోకి నడిచి, కాటాలో తూకపు రాళ్లు వేసే పళ్లేన్ని పైకెత్తి కింద చెయ్యి పెట్టాడు. ఏదో తగిలింది. సీసం బిళ్ల. కాటాలు సరిచేసేటప్పుడు ఆయన తాత్కాలికంగా అంటించి, పనయ్యాక పీకేసేది. ఉపన్యాసం ఊపులో పీకడం మరిచాడు. రాళ్ల వైపు బిళ్ల బరువు కలిసినంతకాలం సరుకు వైపు ఎక్కువ పోస్తేగానీ ముల్లు నిలవలేదు. అంటే నెలంతా ఆ వీధి పేదలందరికీ ప్రజాధనాన్ని ధారాళంగా పంచిపెట్టిన దాత ఎవరయ్యా అంటే, సాక్షాత్తూ మేస్త్రే.

బయటపెడితే రేపటి నుంచి ఏ అంగడివాడూ తన గడప తొక్కడు. ఊరుకుంటే డిపో అతని కూడు పోతుంది. మేస్త్రికి నుదుట చెమట పట్టింది. ఆ చెమటే దారి చూపింది.

"చెమ్మ!" అన్నాడు, బిళ్లను పిడికిట్లో బిగించి. "వానలకు పిండి చెమ్మ పీల్చింది. అదే బరువు. కాటా బంగారంలా ఉంది."

"నేను ముందే అనుకున్నా," అన్నాడు టీ కొట్టతను. డిపో అతను మేస్త్రికి దండం పెట్టాడు.

సాయంత్రం తోడల్లుడు మేస్త్రి ఇంటికొచ్చాడు. వెనక మరదలు పెద్ద గిన్నె మోసుకొచ్చింది.

"చెమ్మ పిండి నిలవుండదంటగా అన్నయ్యా. మాకయ్యేలోపు పురుగు పడుతుంది. సగం మీరు వాడేసుకోండి."

పిండి పొడిగానే ఉందని తెలిసీ మేస్త్రి గిన్నె అందుకున్నాడు. జేబులో బిళ్ల తొడకు తగులుతోంది.

వాళ్లు వెళ్లాక భార్య ఆ పిండితోనే రొట్టెలు కాల్చి ముందు పెట్టింది. "ప్రజాధనం ఎలా ఉందండీ? మెత్తగా వచ్చిందా?"

మేస్త్రి మొదటి రొట్టె పూర్తిచేశాడు.

"కార్డు వాడికిచ్చారు, సరే," అన్నాడు చివరికి. "పెట్టే చెయ్యన్న పేరు కూడా వాడికేనా?"

అని, రెండో రొట్టె అందుకున్నాడు.