రెండో తలుపు

అమెరికాలోని యూటాలో, మోర్మన్లనే క్రైస్తవ శాఖవాళ్ల పాత ఊరిని మ్యూజియంగా మళ్లీ కట్టారని విని, బడి వంటశాలలో రొట్టెలు కాల్చీ కాల్చీ రిటైరైన ఆర్డిత్, అన్న వరసైన మెర్లిన్‌తో కలిసి వచ్చింది. వాళ్ల ముత్తాత దుంగల ఇల్లు కూడా అక్కడ కొత్తగా లేచింది.

"అచ్చం అలాగే కట్టారు కదే!" అని మెర్లిన్ మురిసిపోయాడు.

ఆర్డిత్ ఇంటి చుట్టూ తిరిగి వచ్చింది. "రెండో తలుపేదీ?"

పాతకాలపు గౌను తొడుక్కున్న గైడు పిల్ల నవ్వింది. "ఒక్క ఇంటికి రెండు వీధి తలుపులెందుకు, సిస్టర్?"

"పెళ్లాలిద్దరు గనక! ఈ తలుపు పెద్దావిడది, అంటే ఈయన తాతమ్మది. రెండోది మా తాతమ్మది."

ఆ పిల్ల ముఖం కందిపోయింది. మెర్లిన్ గొంతు తగ్గించాడు. "ఇప్పుడవన్నీ ఎందుకు తవ్వుతావే? నలుగురూ వింటున్నారు."

"విననీ. దాచుకోడానికి ఆవిడేం దొంగతనం చేసిందా?"

మెర్లిన్ విసుక్కుంటూ లోపలికి వెళ్లాడు. కాసేపటికి మెత్తబడి పిలిచాడు. "ఉయ్యాల కూడా పెట్టారే, వచ్చి చూడు."

తలుపు ఉండాల్సిన చోట, ఉత్త గోడకు వీపు ఆనించి కూర్చుంది ఆర్డిత్.

"నువ్వు చూసుకో అన్నయ్యా. మా తాతమ్మ బతికినన్నాళ్లూ ఆ గడప తొక్కలేదు. నేనెలా తొక్కను?"