చెక్కలో లేని చప్పుడు

స్టూడియోలో అందరూ ఆయన్ను కర్ర బాబాయ్ అనేవాళ్లు. పియానో శ్రుతి చేయడం, బాగుచేయడం ఆయన పని. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాడైన పియానోలు విప్పి, మళ్లీ బిగించి నేర్చుకున్నాడు. ఎక్కడ చప్పుడు వచ్చినా మూరెడు సన్నకర్ర ఒక కొస చెక్కకు, రెండో కొస చెవికి ఆనించి పట్టేసేవాడు. కర్ర లేకపోతే ఇంట్లో తన మాట కూడా ఆయనకు వినపడదని భార్య దెప్పేది.

ఆ రోజు వాయిస్తున్న పెద్దావిడకు మర్నాడే చేతికి ఆపరేషన్. ఆ తర్వాత ఉంగరపు వేలు వంగుతుందన్న నమ్మకం లేదని డాక్టర్ ముందే చెప్పాడు. రికార్డింగులో నెమ్మదిగా సాగే చివరి భాగం ఒక్కటే మిగిలింది. సరిగ్గా అందులోనే, రికార్డిస్టు హెడ్‌ఫోన్లో, టిక్కుమని చప్పుడు.

పొద్దుటి నుంచీ తొమ్మిదిసార్లు వాయించింది. ఏసీ ఆపారు. ట్యూబులైటు తీసేశారు. బాబాయ్ పెడల్ కింద కొత్త ఫెల్టు గుడ్డ వేశాడు, కుర్చీ మరలు బిగించాడు. చివరికి తన చొక్కా గుండీలను కూడా అనుమానించి బనీనుతో నిలబడ్డాడు. టిక్కు పోలేదు. ఆవిడ ప్రతిసారీ వేళ్లు వేడినీళ్లలో ముంచి వచ్చేది, ప్రతిసారీ ఇంకాస్త ఆలస్యంగా.

పదోసారి బాబాయ్ పియానో కిందకు దూరి కర్ర ఆనించాడు. టిక్కు వినపడినప్పుడల్లా రికార్డిస్టు అద్దం వెనక నుంచి చెయ్యెత్తాలి. చెయ్యి నాలుగుసార్లు లేచింది. కర్రలో తీగల మోత తప్ప ఏమీ లేదు. బాబాయ్ బయటికొచ్చి ఆవిడ చేతిమీదకు వంగాడు. ఉంగరపు వేలు మడత పడ్డప్పుడల్లా కణుపు దగ్గర ఎముక టిక్కుమంటోంది.

ఎముకకు ఫెల్టు వేయలేం.

ఆవిడ వాయించడం ఆపి, తల తిప్పకుండానే అడిగింది. "నా వేలేనా, తమ్ముడూ?"

అవునంటే ఆవిడ ఇక పియానో ముట్టదు.

"కాదక్కా, నా పియానోదే. లోపల చెక్క వదులైంది, ఇవాళ తెమిలే పని కాదు. మీరు కానివ్వండి."

రికార్డిస్టు తలుపు తోసుకొచ్చి, ఆ ముక్క పొద్దున్నే చెప్పి ఏడిస్తే వేరే మనిషిని పిలిచేవాణ్ణిగా అని అరిచాడు. ముప్పై ఏళ్లలో బాబాయ్ పడని మాట అది. ఆయన పియానో ముందున్న మైకును రెండడుగులు వెనక్కి జరిపాడు. అది చాలదని ఆయనకే తెలుసు.

పదకొండోసారి మొదలుపెట్టింది. ఎదురుగా ఉన్న స్వరాల పుస్తకంలో మూడో పుట దాకా ఆ వేలు వంగింది, తర్వాత వంగలేదు. స్వరాలు అక్కడక్కడ జారిపోతున్నా, మిగతా వేళ్లతోనే ఆఖరి దాకా లాక్కొచ్చింది.

"చివరి పుటలో చప్పుడు లేదు. ఏం చేశావు బాబాయ్?" అని రికార్డిస్టు అద్దం వెనక నుంచి మైకులో అడిగాడు.

ఆవిడ చెయ్యి ఇంకా పియానో మీదే ఉంది. బాబాయ్ అటు చూడలేక పెడల్ దగ్గర కూర్చుండిపోయాడు.