భాను తోట చుట్టూ వలిసె పూలు

అరకు దగ్గర డుంబ్రిగుడ దాటాక రోడ్డు వారనే సోములమ్మ ఇల్లు. ఏడేళ్ల కూతురు భానుకి ఇంకా మాట రాలేదు. సంతకు తీసుకెళితే ఆ గోలకి చెవులు మూసుకుని నేలమీద పడి దొర్లేది. దయ్యం పట్టిందన్నవాళ్లే గానీ పిల్లకేం కష్టమో అడిగినవాళ్లు లేరు. చివరికి విశాఖలో ఒక డాక్టరమ్మ ఇది ఆటిజమని చెప్పింది. ఇష్టమైనవి ముట్టుకోడానికీ, వాసన చూడ్డానికీ, నెమ్మదిగా కూచోడానికీ ఇంటి దగ్గరే పిల్లకొక చోటు చెయ్యమంది.

సోములమ్మకి చదువు లేదు. కానీ భానుకి ఏది గుచ్చుకుంటుందో, ఏది హాయో ఆమెకు తెలిసినట్టు ఏ డాక్టరుకీ తెలియదు. కాఫీ తోటలో కూలి చేసి వచ్చి, పొద్దుండగానే పెరట్లో పడేది. ఊరి పక్కన పారే గెడ్డ ఒడ్డునుంచి నున్నటి రాళ్లు మోసుకొచ్చి బాట పరిచింది. నిమ్మగడ్డి, పసుపు, అత్తిపత్తి నాటింది. ఎండిన ఆనపబుర్రల్లో గుప్పెడు చోడి గింజలు పోసి, గాలికి గలగలలాడేట్టు చూరుకి కట్టింది. కంచెకి బదులు చుట్టూ వలిసె గింజలు జల్లింది. ఆమె చేసిన తప్పల్లా అదే.

ఆ పసుప్పచ్చటి పూలంటే భానుకి ప్రాణం. అరచేతుల్తో వాటి తలలు నిమురుతూ గంటలకొద్దీ నిలబడేది. ఒకనాడు తనలో తాను నవ్వుకుంది కూడా. అది చూసి సోములమ్మ గుమ్మంలో కూలబడి ఏడ్చింది.

వలిసెలు పూసే రోజుల్లో అరకు రోడ్డంతా కార్లే. చేలున్నవాళ్లు తాళ్లు కట్టి, ఫోటోలు తీసుకునేవాళ్ల దగ్గర డబ్బులు పుచ్చుకుంటారు. తనది చేను కాదు, పెరడు గదా అని సోములమ్మ ధీమా. టూరిస్టులకి చేనైతేనేం, పెరడైతేనేం! మొదట ఒకావిడ కారాపి తోట ఎంత బాగుందో అంది. ఆ ఒక్క మాటకే కరిగిపోయి, సోములమ్మే ఆవిడని లోపలికి పిలిచింది. మర్నాడు మూడు కార్లు ఆగాయి. ఆ పైవారానికి ఆమె మొగుడు సుక్రు ఫోటోల కోసం వెదురుతో గుండె ఆకారం ఒకటి కట్టి, డబ్బులు పుచ్చుకోడానికి గుమ్మం ముందు కుర్చీ వేసుకు కూచున్నాడు.

శనివారం ఒకమ్మాయి ఫోటో కోసం భాను భుజం మీద చెయ్యేసింది. ముట్టుకుంటే ఓర్వలేని పిల్ల, కొరికేసింది. పిచ్చిదాన్ని కట్టేసుకోమని వాళ్లు నానా మాటలూ అన్నారు. సుక్రు వాళ్లకి దణ్ణాలు పెట్టి, పిల్లని ఇంట్లోకి నెట్టి గడియ పెట్టాడు. తలుపుకి తల కొట్టుకుంటున్న చప్పుడు బయటికి వినబడకుండా పాటలు పెట్టాడు.

"దాని తోట. దానికే గడియేత్తావా?" అంది సోములమ్మ.

"దాని మందులకే గదే ఇదంతా. నానేటి సరదాకి సేత్తన్నానా?"

అతను అబద్ధమాడలేదు. అందుకే ఆమెకు మరీ ఒళ్లు మండింది.

ఆదివారం కూడా గడియ తియ్యనివ్వలేదతను. సోమవారం తెల్లవారగానే సోములమ్మ కొడవలి పుచ్చుకుని, నిండా పూసిన వలిసెల్ని మొదలంటా కోసి పారేసింది. కార్లు ఆగడం, చూడడం, వెళ్లిపోవడం. సుక్రు కుర్చీ లోపల పెట్టుకున్నాడు. తోట మళ్లీ పిల్లదైందని, ఆమె వెళ్లి గడియ తీసింది.

భాను బయటికొచ్చింది. రాళ్ల బాట తొక్కలేదు, ఆనపబుర్రల వంక చూడలేదు. తిన్నగా వలిసెలుండే చోటికెళ్లి, రొమ్మెత్తున అరచేతులు చాపి, లేని పూలని నిమరసాగింది. చాలాసేపు నిమిరింది. తర్వాత తల్లి చేతిలో కొడవలిని చూసింది. చెవులు రెండూ మూసుకుని ఇంట్లోకి వెళ్లి, ఈసారి తనే తలుపేసుకుంది.