తెరవకుండా పెట్టిన పార్సిల్

నా భార్య పోయిన మంగళవారం ఉదయం సోమాజిగూడలోని ఆసుపత్రిలో చనిపోయింది. ఏడాదిగా తెలిసిన జబ్బే. ఫోరెన్సిక్ ల్యాబ్‌లో డీఎన్ఏ పరీక్షలు చేసేది. ఆమె పని గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఇంట్లో ఊరగాయ జాడీ మీద కూడా తేదీ, పొడి అక్షరాలు వేసేది. "సాక్షి సంతకం ఏదీ?" అని ఏడిపించేవాణ్ని. "మీరే పెట్టండి, తినేది మీరేగా," అనేది. తర్వాత ఆ హాస్యం మానేశాను.

కారణం ఒక పార్సిల్. ఎస్.ఆర్. నగర్‌లో ఒక హాస్టల్లో వంట చేసే ఆమె కూతురు కనిపించకుండా పోయింది. కొన్నాళ్లకు కాలిపోయిన శవం ఒకటి దొరికింది. పోల్చి చూడమని పోలీసులు తల్లి రక్తాన్ని ల్యాబ్‌కు పంపారు. వచ్చిన పార్సిల్‌కు సీలు మాత్రమే చూసి, తెరవకుండా వరుసలో పెట్టడం అక్కడి అలవాటు. నా భార్యా అదే చేసింది. నెలల తర్వాత వంతు వచ్చి తెరిస్తే, లోపల, రక్తం ఎవరిదో చెప్పే గుర్తింపు పత్రం మీద సాక్షి సంతకం లేదు. తిప్పి పంపారు. మళ్లీ రక్తం తీశారు. అన్నాళ్లూ శవం మార్చురీలోనే ఉంది.

ఆ తల్లి ల్యాబ్ గేటు దగ్గరికి వచ్చింది. "కాదని వస్తే ఎల్లమ్మకు మొక్కు చెల్లిస్త. అవునని వస్తే బిడ్డను తీస్కపోత. ఏదో ఒకటి చెప్పు మేడం," అందట.

ఆ సాయంత్రం నా భార్య రైలు మారకుండా అమీర్‌పేటలోనే మెట్రో దిగి, పంజాగుట్టలో మా ఇంటి దాకా నడిచి వచ్చింది. "నేను ఆ రోజే తెరిచి ఉంటే రెండు నిమిషాల పనండీ," అంది. అన్నం తినలేదు.

మర్నాటి నుంచి, పార్సిల్ తెచ్చిన కానిస్టేబుల్ వెళ్లకముందే కాగితాలన్నీ తీసి చూసేది. లోపముంటే అక్కడికక్కడే స్టేషన్‌కు ఫోన్.

"మా ఎస్సై సుత ఇంతగనం సతాయించడు మేడం," అన్నాడట ఒకాయన.

"ఇయ్యాల జర కూసోండ్రి. మల్ల తిరిగే పనుండదు," అందట, అతని యాసలోనే.

తిరిగిపోయే పార్సిళ్లు తగ్గాయి. కీమో మధ్య వారాల్లోనూ పనికి వెళ్లింది.

ఆ శవం వంటామె కూతురిదే. రిపోర్టు మీద సంతకం నా భార్యది.

నిన్న ఆ తల్లి, ల్యాబ్‌లో చిరునామా కనుక్కుని, మా ఇంటికి వచ్చింది. కుర్చీ వద్దని గడప పక్కన కూర్చుంది.

"మేడంను మీకు ఎప్పుడిచ్చిండ్రు సార్?"

ఆసుపత్రి వాళ్లు దేహాన్ని ఎప్పుడిచ్చారని అడుగుతోంది.

"ఆ మధ్యాహ్నమే ఇచ్చారమ్మా."

"నయం సార్," అంది.

గోడకు ఆనుకుని, రెండు చేతులూ ఒడిలో వెల్లకిలా పెట్టుకుంది.