మా బావ కొట్టించిన పెట్రోలు

మా బావ పోయాడని అక్క ఫోన్ చేసినప్పుడు నేను టెక్కలిలో టీ కొట్టు ముందు నిలబడి ఎవరినో ఏడిపిస్తున్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని, "మా బావ పోయాడ్రా" అన్నాను. అందరూ నవ్వారు. "ఈపాలి ఎవుల్ని బకరా సేత్తన్నావు మావా?" అన్నాడొకడు. నా నోటి పుణ్యం అది. నా మొహం సరిగ్గా చూశాక గానీ వాళ్ళు గ్లాసులు కింద పెట్టలేదు.

బావది కవిటి. సగం జీవితం కొబ్బరికాయల లారీ తోలాడు. అది మానేశాక, ఆటో కొనుక్కోమని అందరూ చెబితే, సెకండ్ హ్యాండులో టర్బో పెట్రోలు కారు కొన్నాడు. "ఇన్నాళ్ళూ అందరూ నన్ను దాటుకుని ఎల్లిపోనారు. ఇకమీద నాను దాటుతాను" అన్నాడు. కొన్నాళ్ళు దాటాడు కూడా. తర్వాత మా ఉద్దానంలో ఇంటింటి తలుపూ తట్టే జబ్బే ఆయన తలుపూ తట్టింది. కిడ్నీలు పోయాయి. డయాలసిస్‌కి పలాస తిప్పే పని నాకు పడింది. స్టీరింగు నాది, పక్క సీట్లోంచి పెత్తనం ఆయనది.

హైవే మీద బంకు దగ్గర మా యుద్ధం. మామూలు పెట్రోలు ఒకటి, ధర ఎక్కువుండే ప్రీమియం ఒకటి. బావ కిటికీ దించి "ప్రీమియమే కొట్టు" అనేవాడు. నేను ఊరుకుంటానా? దిగి, ట్యాంకు మూత లోపల అంటించిన కాగితం పైకి చదివేవాణ్ణి. నా చదువు అంతవరకు సరిపోతుంది. మామూలుదే చాలని కంపెనీవాడే రాశాడు.

"సూడు బావా. కన్నోడే గంజి సాలంతన్నాడు, నువ్వు బిరియానీ పెడతానంతావేటి?"

"టర్బో అంటే గాలి కుక్కి కుక్కి మండించే ఇంజన్రా. అలాటిలాటిది పోత్తే లోపల టకటకా కొట్టుకుంతాది."

"నీ నోటికన్నా ఎక్కువ కొట్టుకుంతాదేటి?"

పలాసలో మెకానిక్‌ని అడిగాం. ఈ కారుకి రెండూ పడతాయి, ఖరీదైంది పోస్తే నష్టం లేదు, చెప్పుకోదగ్గ లాభమూ లేదన్నాడు. గెలిచానని ఎవరికి వాళ్ళం చెప్పుకున్నాం.

ఇంట్లో మాత్రం ఆయన మాట సాగేది కాదు. నీళ్ళు కొలిచి తాగాలి. ఉప్పు తగ్గించాలి. చుట్టూ కొబ్బరి తోట, బొండాం మాత్రం ముట్టకూడదు. నేను వెళితే తనే కత్తి పట్టుకుని కాయ చెక్కి నా చేతిలో పెట్టేవాడు. గటగటా తాగబోతే, "మెల్లిగా తాగరా. సూడనీ" అనేవాడు. గుక్క గుక్కకీ ఆగి తాగేవాణ్ణి.

ఒకసారి పందెం వేసుకున్నాం. ట్యాంకు అడుగంటాక, ఆయన కళ్ళు మూసుకుంటే నాకు తోచింది కొట్టించాలి. పలాస చేరేలోగా అది ఏ పెట్రోలో ఆయన చెప్పాలి. దారి పొడుగునా ముందుకి వంగి, రోగి గుండె వింటున్న డాక్టరులా ఇంజను చప్పుడు విన్నాడు. "ప్రీమియం! ఆ గొంతే వేరు" అన్నాడు. కొట్టించింది మామూలుది. నేను పడీ పడీ నవ్వాను. ఆయనా నవ్వాడు, దగ్గొచ్చేదాకా.

మళ్ళీ బంకుకి వెళ్ళినప్పుడు అదే పాట: "ప్రీమియమే కొట్టు."

"ఇంకా ఏటి బావా? తేడా తెలీలేదు కదా!"

"తెలీదురా. తినీది డాకటరు సెప్తాడు. తాగీది మీ అక్క కొలుత్తాది. ఎంతసేపు పడుకోవాలో ఆ మిసను సెప్తాది. ఇక్కడొక్క కాడే గదరా నన్ను ఒకడు 'ఏది కావాలండీ' అని అడుగుతాడు. అదీ నువ్వే సెప్పీత్తావేటి?"

ఆ తర్వాత మూత లోపలి కాగితం నేను చదవలేదు. వెక్కిరించడం మాత్రం మానలేదు. మానితే జాలిపడుతున్నానని పసిగట్టేస్తాడు.

చర్చిలో జ్ఞాపకార్థ కూడిక అయిపోయాక, ఆసుపత్రిలో ఉండిపోయిన ఆయన దుప్పటి, చెప్పులు తెచ్చుకుందామంది అక్క. ఆయన సీట్లోనే కూర్చుంది. బంకు దగ్గర ఆగాం. బంకాయన అలవాటు కొద్దీ ఆ కిటికీ వైపే వెళ్ళి వంగాడు.

"ఏది కొట్టమంటారమ్మా?"

అక్క నా వైపు చూసింది. జవాబు నా నాలుక చివర దాకా వచ్చింది. పళ్ళు బిగించి మింగేశాను.

"నిన్నే అడుగుతన్నాడక్కా."

"నన్నా?" అంది.

మామూలుది ఏదో, ప్రీమియం ఏదో అడిగి తెలుసుకుంది. కొంగు సర్దుకుని రెండింటినీ మార్చి మార్చి చూసింది. వెనక లారీవాడు హారన్ మోగించాడు. అక్క కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఉండు నాయనా, ఆలోసిత్తన్నాను కదా!"

లారీ హారన్ ఆగింది. బంకాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.